రెండో వైపు చివరి పాట

తల్లి ఏడుపును ముక్కలు కొయ్యడానికి ఏసుపాదానికి ఒక మధ్యాహ్నం పట్టింది. అతికించడానికి చలికాలమంతా పట్టింది. ఇప్పుడది నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ అట్టపెట్టెల్లో చేరి క్లబ్బు గుమ్మంలోకి వచ్చింది.

పెట్టెలు తెచ్చినవాళ్లు వాటిని బారు పక్కన దించి పోయారు. పగటిపూట ఆ క్లబ్బు మొహం చూడబుద్ధి కాదు. ఒకప్పుడు మాంసం నిలవచేసిన గోదాము అది. నల్ల రంగు పూసిన గోడలు, ఫినాయిలు కంపు, పైకప్పు మీదుగా రైలు వెళ్లినప్పుడల్లా గడగడలాడే గాజు గ్లాసులు. రాత్రి దీపాలు పడితే గాని దానికి అందం రాదు. షికాగోలో మార్చి నెల, బయట మంచు బురదగా మారి కాళ్లకి చుట్టుకుంటోంది.

ఏసుపాదం కత్తితో పెట్టె చీల్చి ఒక రికార్డు తీశాడు. అంచులు రెండరచేతుల మధ్య పట్టుకుని, దీపం కిందికి వంచి, గాడులు చూశాడు. డ్రమ్ము మోగేచోట గాడులు మెరుస్తాయి. చప్పుడు తగ్గిన చోట నల్లబడతాయి. రెండో వైపు చివరి పాటలో ఒకచోట నలుపు వెడల్పుగా ఉంది. అక్కడ డ్రమ్ము ఆగుతుంది, యంత్రాలన్నీ ఆగుతాయి, ఒక ఆడమనిషి గొంతు మాత్రం ఒంటరిగా మాట్లాడుతుంది. ఆ నలుపు మీద వేలు ఆనించకుండా గాలిలోనే అటూ ఇటూ తిప్పాడు. ఎంత ముద్దుగా తిప్పాడో చూస్తే ఎవరైనా మంచివాడనుకుంటారు.

అట్ట మీద పొగమంచు కమ్మిన సరస్సు బొమ్మ. పైన ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ‘లే’ అని ఆల్బం పేరు. కింద ‘డీజే ఏస్’. ఏసుపాదం అని పలకలేక స్కూల్లో పిల్లలు పెట్టిన పేరు ఏస్. పేకముక్కల్లో ఆసు. ఏడిపించడానికి పెట్టారు. అతను దాన్నే నెత్తిన పెట్టుకుని, క్లబ్బులో పేరు తెచ్చుకునేదాకా వదల్లేదు.

క్లబ్బు యజమాని వాల్టరు కాఫీ కప్పుతో వచ్చి రికార్డుని మిషను మీద పెట్టించుకున్నాడు. రైలు పట్టాల చప్పుడు, దూరంగా వాన, దాని కిందనుంచి గుండె కొట్టుకున్నట్టు డ్రమ్ము. ఆ పైన గొంతు. ‘లే... లే... లే లే లే.’

“ఈ ఆడమనిషి ఎవరో గాని నా ప్రాణం తోడేస్తోంది,” అన్నాడు వాల్టరు. “లే అంటే మాకు తెలిసిన అర్థమేనా? పక్కలోకి రమ్మనేనా?” కన్ను గీటాడు.

“అదే అనుకో,” అన్నాడు ఏస్.

నవ్వాడు కూడా. తెలుగులో నిద్రలేపే మాట ఇంగ్లీషు చెవిలో పడగానే పడకెక్కుతుంది. ఆ సంగతి అతనికి మొదటిరోజే తట్టింది, ఆల్బం పేరు కూడా అందుకే అది పెట్టాడు.

ఆ గొంతు జ్ఞానమ్మది, అతని తల్లిది. కిందటి సంవత్సరం జనవరిలో చిన్నకొడుకు ఆశీర్ శవపేటిక మీద పడి ఆమె ఏడ్చిన ఏడుపది. పెళ్లయినా చావయినా టేపు చేసి బాపట్ల పంపడం ఆ ఇంటి అలవాటు. ఉత్తరమైతే అమ్మమ్మకి చదివిపెట్టే మనిషిని వెతకాలి, టేపుకి ఆ బాధ లేదు. చర్చిలో మైకు పెట్టే పని ఏసుపాదానికే పడింది. పూలకుండీ వెనక దాచి పెట్టాడు. ఆ టేపు బాపట్ల వెళ్లలేదు.

పంపేముందు ఒకసారి విందామని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ‘లే నాన్నా, లే,’ అని తల్లి తమ్ముణ్ణి లేపుతోంది. ఆశీర్‌ని రోజూ కాలేజీకి లేపినట్టే లేపుతోంది. అతనూ ఏడ్చాడు. అప్పుడు ఆ తర్వాతి మాట వినపడింది. ‘వీణ్ణి ఉంచి, ఈ పెద్దాణ్ణి తీసుకుపోరాదా, ప్రభువా.’

ఆ ఇంట్లో చిన్నాడంటే ఆశీర్. పెద్దాడంటే తనే.

టేపు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ విన్నాడు. కారు ప్రమాదంలో పోయిన రోజు ఆశీర్ ఆ మంచులో బయల్దేరింది, అన్న ఇంట్లో మరిచిపోయిన రికార్డుల పెట్టె క్లబ్బులో అందివ్వడానికి. ఆ మాట తల్లి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే మనసులో దాచుకుందని అతని అనుమానం. ఇదిగో, దేవుడి దగ్గర దాచుకోలేకపోయింది. అతను చచ్చి ఆశీర్ బతికుంటే బాగుండేదని కన్నతల్లే కోరుకుంది.

ఒక గొంతునో తలుపు చప్పుడునో కాస్తంత పట్టి ఉంచుకుని, మీట నొక్కినప్పుడల్లా పలికే పెట్టె ఉంటుంది, శాంప్లర్ అంటారు. ‘లే’ని దాన్లోకి ఎక్కించాడు. కాస్త పైకి జరిపితే ఆమె వయసు తగ్గింది, కిందికి జరిపితే మగగొంతయింది. ‘నాన్నా’ని కోసేశాడు, తాళానికి అడ్డం వస్తోంది. రెండో మాటని మాత్రం ముట్టుకోలేదు. దానికి కాస్త ప్రతిధ్వని తగిలించి, యంత్రాలన్నీ ఆపి, నట్టనడుమ కూచోబెట్టాడు. నాట్యమాడేవాళ్లెవరికీ అది అర్థం కాదు. అర్థమయ్యే మనిషి ఒక్కతే ఉంది. ఆమె వినాలి. ఇంతమంది మధ్య విని, తను అన్న మాటకి తనే జవాబు చెప్పాలి. ఆల్బమంతా అతను ఆ ఒక్క మాట కోసమే చేశాడని వాల్టరుకేం తెలుసు?

గురువారంనాడు లూసీ వచ్చింది. పిన్ని కూతురు, బాపట్ల నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు, జ్ఞానమ్మ ఇంట్లోనే ఉండి ముసలివాళ్ల ఆశ్రమంలో పనిచేస్తోంది. తెల్ల బూట్లతో, కోటు కింద పని బట్టలతోనే వచ్చేసింది. క్లబ్బు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. లోపలికొస్తే పాపం అంటుకుంటుందని ఆ పిల్ల భయం.

“అన్నయ్యా, మధ్యాహ్నం మా కిచెన్‌లో రేడియో పెట్టారు. అందులో పెద్దమ్మ ఏడుస్తంది.”

ఏసుపాదం మైకు తీగ చుట్ట చుడుతున్నాడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య ఒక్కో చుట్టూ సరిచేసుకుంటూ చుడుతున్నాడు. చెయ్యి ఆపలేదు.

“వంటోడు గరిట పట్టుకుని ఎగురుతున్నాడు. లే, లే అని వాడూ అంటన్నాడు. నాకు చేతిలో ప్లేట్లు పడిపోయినయ్. పెద్దమ్మ గొంతు నాకు తెలవదా? ఎందుకు చేశావన్నయ్యా?”

“మొత్తం ప్లే చేశారా?”

“కొంచెం ఏసి, యాడ్ ఏశారు.”

అయితే అసలు మాట వినలేదన్నమాట. అతనికి కొంచెం నిరాశ, కొంచెం సంతోషం. మొదట వినాల్సింది లూసీ కాదు.

“అది తీసెయ్, అన్నయ్యా. పెద్దమ్మకి తెలవకముందే తీసెయ్. నీకు దణ్ణం పెడతా.”

“షాప్స్‌కి వెళ్లిపోయింది లూసీ. తియ్యడం కుదరదు.”

“మరి ఆ టేపన్నా ఇయ్యి. అమ్మమ్మ ఉత్తరం రాయించింది. చనిపోయేలోగా చిన్నోడి సమాధి ఆరాధన వింటానని. పెద్దమ్మ రోజూ అడగతానే ఉంది నిన్ను.”

“సండే చర్చి అయిపోయాక అమ్మని ఇక్కడికి తీసుకురా. త్రీ ఓ క్లాక్. నేనే వినిపిస్తా.”

“ఇక్కడికా? ఈ కొంపలోకా?”

“డేటైమ్‌లో పార్టీ. రికార్డ్ రిలీజ్. అమ్మకేం చెప్పకు. చర్చిలో రాధారాని ఆంటీని డ్రైవ్ చెయ్యమని అడుగు.”

కళ్లనిండా నీళ్లుండి కూడా లూసీకి నవ్వొచ్చింది. “రాని కాదన్నయ్యా, రాణి. పిలవని పేరంటానిక్కూడా ముందొచ్చే మనిషిని పట్టుకుని రాని ఆంటీ అంటావేంది?”

“అదేగా నేనన్నది. రాని.”

“రా...ణి. నాలిక మడవాలి.”

“రాని.”

“నీ చెవికి రెండూ ఒకటే,” అంది లూసీ. నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ పోయింది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ బురదలోకి దిగింది. తీసుకొస్తాననీ అనలేదు, తీసుకురాననీ అనలేదు.

ఆ పిల్ల మీద నమ్మకం చాలక శనివారం అతనే తల్లి దగ్గరికి వెళ్లాడు. జ్ఞానమ్మ ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చి, బల్ల మీద దుప్పటి పరిచి మర్నాటికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. తెల్లచీర, సన్నటి నీలం అంచు. అంచు మీద ఇస్త్రీపెట్టె ఆపి, వేలు తడిచేసి, మడత రుద్ది, మళ్లీ జరుపుతోంది. వీపు వంగిపోయింది. కిందటేడు ఇంత వంగలేదని అతనికి తెలుసు. తెలిసినా జాలిపడలేదు.

“వచ్చావా పెద్దాడా. తిన్నావా?”

“తిన్నాను.”

“ఏం తిన్నావో నీ మొహమే చెబుతంది. కూర్చో.”

హీటరు పక్కన ఆశీర్ బూట్లు ఉన్నాయి. ముడుచుకుపోకుండా లోపల కాగితాలు కుక్కి పెట్టింది. కిందటేడూ అక్కడే ఉన్నాయి. ఏసుపాదం బూట్లు ఎక్కడ విడిచినా మంచునీళ్లు కారి గచ్చు పాడవుతోందని ఆమె వెనకే గుడ్డ తెచ్చి తుడుస్తుంది. ఇవాళా తుడిచింది. నా బూట్లయితే తుడుస్తుంది, వాడివి పూజిస్తుంది అనుకున్నాడు. కడుపులో మంట ఉన్నవాడికి గచ్చు తుడిచినా తప్పే.

వేడన్నంలో పప్పు, చారెడు నెయ్యి, పక్కన గోంగూర పచ్చడి పెట్టి ముందుకి తోసింది. అతను కెలుకుతున్నాడు.

“ఆ టేపు సంగతి ఏం చేశావురా? అయ్యా, నేను తప్పు పట్టటం లేదు, నీకు పనులుంటయ్. ఒక్కసారి వినాలనుందిరా. పాస్టరుగారు ఏం ప్రార్థన చేశారో, ఎవరు ఏ పాట పాడారో, నేనేం ఏడ్చానో ఒక్కటీ గుర్తులేదు నాకు.”

ఏమీ గుర్తులేదట! ఎంత అక్కరకొచ్చే మతిమరుపు అనుకున్నాడు.

“రేపు వినిపిస్తానమ్మా. క్లబ్‌కి రా. చర్చి అయ్యాక. చాలామంది వస్తారు. అందరం కలిసి విందాం.”

జ్ఞానమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “చిన్నాడి కోసమా?”

ఇక్కడ అతను కాదు అని ఉండాల్సింది. ఒక్క మాట. ఎంగిలి చెయ్యి కంచంలో పెట్టుకుని తల్లి మొహం చూశాడు. సంవత్సరీకం నాడు జ్ఞాపకార్థ కూడిక పెట్టిద్దామని జనవరిలో ఆమె ఎంత అడిగిందో, తను ఫోన్లు ఎత్తకుండా ఎలా తప్పించుకున్నాడో గుర్తుంది. ఇప్పుడు ఆమె కళ్లలో ఆ కూడికే మెరుస్తోంది.

“అవును,” అన్నాడు. “వాడి కోసమే.”

“నా తండ్రే! నేను లూసీతో అంటానే ఉన్నా, మా పెద్దాడు పైకి చెప్పడు గాని తమ్ముణ్ణి మర్చిపోడే అని.” అతని తల నిమిరింది. “ఎంతమందొస్తారు? కేకు చెయ్యనా? వాడి ఫోటో తెస్తాను. పాటల పుస్తకాలు చాలవేమో, చర్చిలో అడిగి తెస్తాలే.”

“ఏమీ వద్దు. నువ్వొస్తే చాలు.”

ఆమె మాత్రం అప్పుడే గిన్నెలో పిండి కొలుచుకుంటోంది. అతను అన్నం సగంలో వదిలి లేచాడు. ఇంట్లోంచి బయటపడేదాకా తల్లి చెయ్యి తగిలిన చోట తల మీద బరువుగానే ఉంది. అయినా మనసు మార్చుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి క్లబ్బు కిక్కిరిసింది. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి పగటిని రాత్రి చేశారు. కుర్రవాళ్లు చొక్కాలు విప్పి నడుములకి చుట్టుకున్నారు. చెమట, సెంటు, పొగ. ఎత్తయిన గూడులాంటి గదిలో, రెండు మిషన్ల వెనక నిలబడి ఏస్ గుమ్మం వైపే చూస్తున్నాడు.

రాధారాణి ఆంటీ కారులోనే ఆగిపోయినట్టుంది. తల్లి, లూసీ మాత్రం లోపలికి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచీర మీద బరువైన కోటు. ఒక చేతిలో రేకు కాగితం కప్పిన కేకు పళ్లెం, చంకలో బైబిలు, భుజాన సంచి, గుండెకి ఆనించి పట్టుకున్న ఫోటో. జ్ఞానమ్మ జనాన్ని చూసి గుమ్మంలో ఆగింది. తర్వాత, చిన్నాడికి ఇంతమంది స్నేహితులా అనుకున్నట్టు, ఎదురుపడ్డ వాళ్లందరికీ తల వంచి నమస్కారం పెట్టుకుంటూ వచ్చింది. ఎవరో కుర్చీ ఇచ్చారు. జుట్టుకి ఊదారంగు వేసుకున్న ఒక అమ్మాయి ఫోటో చూసి, “భలే ఉన్నాడే, వస్తున్నాడా?” అని అడిగింది. జ్ఞానమ్మకి ఆ హోరులో వినపడలేదు. అమ్మాయికి కేకు ముక్క పెట్టింది.

ఏస్ రెండో వైపు చివరి పాట మీద ముల్లు దించాడు.

రైలు. వాన. డ్రమ్ము. ‘లే... లే... లే లే లే.’ జనం చేతులు పైకెత్తి ఒక్క గొంతుతో అరిచారు, “లే!” జ్ఞానమ్మ కేకు పంచుతూనే ఉంది. కోసి, సాగదీసి, పైకీ కిందికీ జరిపిన తన గొంతుని తను గుర్తుపట్టలేదు. లూసీ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయింది. అంతలో డ్రమ్ము ఆగింది. యంత్రాలన్నీ ఆగాయి. గోదామంతా నిండిపోయి ఆ గొంతు ఒంటరిగా ఆ మాట అంది, ప్రభువా అని ముగించింది.

జ్ఞానమ్మ చేతిలో కత్తి పళ్లెంలో పడింది. ఆమె లేచి నిలబడింది.

పాటకి ముసలామె కూడా ఎగరడానికి లేచిందనుకుని జనానికి మహా ఆనందం కలిగింది. ఈలలు వేశారు. దారి ఇచ్చారు. ఆమె రెండువైపులా చేరి చప్పట్లు కొడుతూ, “బామ్మా, లే! లే, బామ్మా!” అని ఎగిరారు. ఒకడు ఆమె చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పబోయాడు. ఆమె ఫోటోని రెండు చేతులా గుండెకి అదుముకుని, ఆ చప్పట్ల మధ్యనుంచి నడిచి, మెట్లెక్కి కొడుకు దగ్గరికి వచ్చింది. వెనకే లూసీ.

ఏస్ పాట తగ్గించి వేరే రికార్డు పైకి తెచ్చాడు. చేతులు వాటంతట అవే చేశాయి. ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఘడియ ఇదే.

“ఆ టేపేనా?” అంది జ్ఞానమ్మ.

“అదే.”

“మిగతాది ఏది? ప్రార్థన, పాటలు?”

“లేదు. దాని మీద డ్రమ్స్ రికార్డ్ చేశా.”

ఆమె ఫోటోని ఇంకా గట్టిగా అదుముకుంది. అది కూడా తప్పు చేసిన మనిషి బెదురే అనుకున్నాడు అతను. హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకి తగిలించాడు. ముల్లుని ఆ నల్లటి చోటుకి, సరిగ్గా ఆ మాట ముందుకి దించాడు.

“విను. నువ్వేమన్నావో విను. నీకు గుర్తులేదుగా? గాడ్‌ని అడిగావు. వాణ్ణి ఉంచి, నన్ను తీసుకుపొమ్మని అడిగావు. పెద్దాడు అంటే నేనేగా అమ్మా? వన్ ఇయర్ నుంచి ఇది నా చెవిలోనే ఉంది. ఇప్పుడు ఊరంతా వింటారు.”

జ్ఞానమ్మ కళ్లు మూసుకుని విన్నది. “ఇంకోసారి పెట్టు,” అంది. పెట్టాడు. ఆమె పెదవులు ఆ మాటతో పాటు కదిలాయి. హెడ్‌ఫోన్లు తీసి, చెదిరిన జుట్టు సర్దుకుని, లూసీ చేతికిచ్చింది.

“పెద్దాన్ని అన్నానురా,” అంది. “పెద్దదాన్ని. ఇంత వయసొచ్చినదాన్ని. పసివాణ్ణి ఉంచి నన్ను తీసుకుపొమ్మన్నాను.” అరచెయ్యి తన గుండె మీద వేసుకుని చూపించింది, మాట రాని పిల్లవాడికి చూపించినట్టు.

అతను లూసీ వైపు చూశాడు. లూసీ హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకుని వింటోంది. చెంపల మీద నీళ్లు ధారకట్టాయి.

“పెద్దాన్ని అనే, అన్నయ్యా. పెద్దాణ్ణి కాదు. వినపడతం లేదా నీకు?”

“సేమ్ వర్డ్,” అన్నాడు. “రెండూ సేమ్ కదా?”

కింద జనం కొత్త రికార్డు వద్దని గోల పెడుతున్నారు. ‘లే’ కావాలి వాళ్లకి. నేల మీద కాళ్లు దబదబ కొడుతూ అడుగుతున్నారు. వాల్టరు బారు దగ్గరనుంచి వేలు గాలిలో తిప్పి, మళ్లీ వెయ్యమని సైగ చేస్తున్నాడు.

“అమ్మా, ఐయామ్ సారీ. నేను అనుకున్నాను... యాక్సిడెంట్ నా వల్లే కదా, అందుకే నువ్వు...”

“నీ వల్ల అని నేనెప్పుడన్నా అన్నానా?”

“లేదు.”

“అనుకున్నది కూడా లేదు.” జ్ఞానమ్మ పైటకొంగుతో ఫోటో అద్దం తుడిచింది. ఎవరి చెమటో పడింది దాని మీద. తుడిచి, సంచిలో పెట్టి, బైబిలు దాని పక్కన సర్దింది. “అడగొచ్చుగా నన్ను? నిన్న నా చేతి అన్నం తిన్నావు. అమ్మా, ఏందీ మాట అని ఒక్కసారి అడగొచ్చుగా. అడక్కుండా, నా బిడ్డ శవం మీద నేనేడ్చిన ఏడుపుకి వీళ్లందర్నీ ఎగిరించావు. నాచేత కేకు చేయించుకుని మరీ ఎగిరించావు.”

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. రోగి దగ్గర పని ముగించుకుని తీసుకున్నట్టు తీసుకుంది. కోటు బొత్తాలు కిందినుంచి పైదాకా పెట్టుకుంది. రెండు మెట్లు దిగింది, ఆగింది, తిరిగి కొడుకు మొహంలోకి చూసింది.

“ఆ రోజు పెద్దాన్ని అన్నాను,” అంది. “ఇవాళ ఆ మాట అనాల్సొస్తే పెద్దాణ్ణి అంటాను.”

నాలుక వెనక్కి మడిచి, ఆదివారం బడిలో పిల్లలకి అక్షరాలు నేర్పేటప్పటిలా, నిదానంగా పలికింది.

ఈసారి ఏసుపాదానికి తేడా వినపడింది.